యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

దుబాయిలోనో, షార్జాలోనో పుట్టి పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి కంప్యూటరు ప్రోగ్రాము రాయడం వచ్చు. అందులో రాసేవి ఇంగ్లీషు మాటలని వారికి తెలుసు. అంకెల స్థానంలో ఆ మాటలు రావడానికి ఒక మహిళ ఎంత పోరాడవలసి వచ్చిందో మాత్రం తెలిసినవారు తక్కువ. ఆవిడే గ్రేస్ హాపర్.

1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలో జన్మించారు. ఏడేళ్ల వయసులో, లోపల ఏముందో చూడాలని ఇంట్లోని అలారం గడియారాలు ఏడూ విప్పేశారట. తల్లి ఇకపై ఒక్కదానితోనే సరిపెట్టుకొమ్మని ఊరుకొన్నారు. మన ఇళ్లలోనైతే వీపు విమానం మోత మోగేది! 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు పొంది, వాస్సర్ కళాశాలలో పాఠాలు చెప్పారు. యుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టువదలక ప్రత్యేక అనుమతి సంపాదించి చేరారు. 1944లో హార్వర్డులోని మార్క్ 1 యంత్రం దగ్గరికి పంపారు. దాని పొడవు 51 అడుగులు.

అప్పట్లో యంత్రానికి ఏది చెప్పాలన్నా అంకెల్లోనే చెప్పాలి. ఒక లెక్కకు రాసిన ఆదేశాలు మరో లెక్కకు కావాలంటే నోటుపుస్తకంలోంచి చేత్తో ఎక్కించుకొని, ప్రతిచోటా చిరునామా అంకెలు మార్చుకోవాలి. గణిత పండితులే కూడికల్లో తప్పేవారు. 1949లో ఫిలడెల్ఫియాలో యూనివాక్ యంత్రం నిర్మిస్తున్న సంస్థలో చేరిన హాపర్‌గారికి, ఈ చాకిరీ యంత్రమే చేసుకోరాదా అనిపించింది. 1952 నాటికి ఏ-0 తయారైంది. ఆదేశాల ముక్కలను టేపు మీద దాచి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య రాస్తే చాలు, ముక్కను వెతికి తెచ్చి, చిరునామాలు సరిచేసి కూర్చే పని యంత్రానిదే. దానికే కంపైలర్ అని పేరు. నేటి కంపైలర్ల ముందు అది పసికూనే. అయినా, కంప్యూటరు లెక్కలు చేస్తుందిగాని ప్రోగ్రాములు కూరుస్తుందా అని చాలాకాలం ఎవరూ దాన్ని ముట్టలేదు.

తరువాతి పోరు ఇంకా గట్టిది. జీతాలు, సరుకు నిల్వలు చూసే వారికి గణిత సంకేతాలు కాదు, మాటలు కావాలని ఆవిడ వాదించారు. ఇంగ్లీషు ఆదేశాలతో నడిచే చిన్న ప్రోగ్రాము పై అధికారులకు చూపారు. అంతటితో ఆగక, అదే ప్రోగ్రామును ఫ్రెంచిలోనూ, జర్మనులోనూ నడిపి చూపారు. యంత్రానికి ఏ భాషైనా ఒకటే కదా! అధికారులు బెంబేలెత్తారు. అమెరికాలో తయారైన యంత్రానికి పరాయి భాషలేమిటన్నది వారి బెంగ. ఇంగ్లీషు తప్ప మరొకటి ఉండదని నమ్మించడానికి నాలుగు నెలలు పట్టిందని ఆవిడ తరువాత నవ్వుతూ చెప్పేవారు. మాకు మాత్రం నవ్వుతోపాటు మనసు చివుక్కుమంటుంది. జర్మను పట్టినచోట తెలుగూ పట్టేది. అభ్యంతరం మనుషులదే, యంత్రానిది కాదు.

ఆ ఇంగ్లీషు భాష ఫ్లో-మ్యాటిక్‌గా స్థిరపడింది. 1959లో ఒక సంఘం కూడి కోబాల్‌ను రూపొందించినప్పుడు దానికి ముఖ్యాధారం ఇదే. కోబాల్‌ను హాపర్‌గారే రాశారని కొందరంటారు, అది సరికాదు. ఆవిడ ఆ సంఘానికి సలహాదారు. బ్యాంకుల లెక్కల్లో కోబాల్ నేటికీ బతికే ఉంది.

1966లో పదవీ విరమణ చేయించిన నౌకాదళమే 1967లో ఆరునెలల పనికని పిలిచి 1986 దాకా వదలలేదు. రియర్ అడ్మిరల్‌గా దిగేనాటికి ఆవిడకు 79 ఏళ్లు. ఉపన్యాసాల్లో అడుగుకు కాస్త తక్కువైన తీగముక్కలు పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం పోగలిగిన గరిష్ఠ దూరం అంతేనని కళ్లకు కట్టించడానికి.

1992 జనవరి 1న కన్నుమూశారు. ఆవిడ పేరు పెట్టిన యుద్ధనౌక 2008 జనవరిలో మన తీరానికి చేరువనే, హోర్ముజ్ జలసంధి గుండా వెళ్తూ వార్తలకెక్కింది. ఆనాడు పత్రికల్లో హాపర్ అన్న పేరు చదివిన మనవారిలో, అది ఒక లెక్కల పంతులమ్మ పేరని ఎందరికి తోచిందో!