దైవగుణాలు ఒకదానితో ఒకటి పొసగుతాయా? – లైబ్నిజ్ జీవితం

పండుగ రోజుల్లో మనం విష్ణు సహస్రనామ పారాయణ చేస్తాం. అందులో భగవంతుడు అణువంతటివాడనీ, అన్నిటికంటే పెద్దవాడనీ, గుణాలు కలవాడనీ, గుణాలు లేనివాడనీ చెప్పే నామాలు పక్కపక్కనే వస్తాయి. ఇవన్నీ ఒక్కరిలోనే ఎలా ఉంటాయని పిల్లలు అడిగితే మనం తడబడతాం. ఇలాంటి ప్రశ్ననే మనం ఉంటున్న ఈ జర్మనీలో ఒక మహామేధావి జీవితాంతం పట్టుకున్నారు. ఆయన గాట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిజ్. ఈ పండుగ సంచికలో వారి జీవితాన్ని పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

లైబ్నిజ్ 1646 జూలై 1న లైప్‌జిగ్ నగరంలో జన్మించారు. ఒకే దేవుణ్ణి కొలిచే రెండు క్రైస్తవ శాఖల వారు ముప్ఫై ఏళ్ళపాటు సాగించిన యుద్ధం ఆయనకు రెండేళ్ళప్పుడు, 1648లో ముగిసింది. తండ్రి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఆరేళ్ళ వయసులోనే లైబ్నిజ్ తండ్రిని పోగొట్టుకున్నారు. ఆయన వదిలివెళ్ళిన పుస్తకాలే ఆ పిల్లవాడికి గురువులయ్యాయి. లాటిన్ భాషను చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. 1667లో ఆల్ట్‌డార్ఫ్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అక్కడ ఆచార్య పదవి ఇస్తామన్నా వద్దని రాజాస్థానాల కొలువులో చేరారు.

1672 నుంచి 1676 వరకు పారిస్‌లో ఉన్నారు. కలనగణితానికి ఆయన పునాది వేసింది అక్కడే. దేనినైనా నిరూపించనిదే ఒప్పుకోని ఆ బుద్ధి దైవం విషయంలోనూ ఊరుకోలేదు. అంతకుముందు ఫ్రాన్స్ తత్త్వవేత్త డెకార్ట్ ఒక వాదం చేశారు. దేవుడంటే సంపూర్ణుడు, ఉనికి లేనిది సంపూర్ణం కాదు, కాబట్టి దేవుడు ఉన్నాడని ఆయన వాదన. ఇందులో ఒక మెట్టు తప్పిపోయిందని లైబ్నిజ్ గమనించారు. అసలు సంపూర్ణుడు అనే మాటలో వైరుధ్యం లేదని ముందు చూపించాలి కదా!

దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా సులువైనది. అన్నిటికంటే వేగంగా తిరిగే చక్రం ఒకటి ఉందనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ చక్రం ఆకుల్లో ఒకదాన్ని అంచు దాటేలా పొడిగిస్తే, దాని కొస ఇంకా వేగంగా తిరుగుతుంది. అంటే అత్యంత వేగం అనే మాట తనను తానే కొట్టేసుకుంటుంది. సర్వజ్ఞుడు, సర్వశక్తిమంతుడు అనే మాటలు కూడా ఇలాంటివే అయితే, మన స్తోత్రాలన్నీ లేని వస్తువును పొగిడినట్టే. లైబ్నిజ్‌ను కలవరపెట్టిన సంగతి ఇదే.

1676 నవంబరులో ఆయన హేగ్ నగరంలో తత్త్వవేత్త స్పినోజాను కలిసి తన నిరూపణను చూపించారు. ఒక గుణం మరొక గుణాన్ని కాదన్నప్పుడే రెండిటికీ వైరం వస్తుంది. దైవగుణాలు సరళమైనవి, పరిమితి లేనివి. వాటిలో కాదనడం అనేదే లేదు. కాబట్టి అవన్నీ ఒక్కచోట ఉండగలవు. స్పినోజా మొదట ఆక్షేపించి, తర్వాత ఒప్పుకున్నారని లైబ్నిజే రాసుకున్నారు. అయితే జ్ఞానం, శక్తి వంటివి నిజంగా అంత సరళమైన గుణాలేనా అనే సందేహం మిగిలిపోయింది.

ఆ ఏడాది చివర ఆయన హానోవర్ చేరారు. చనిపోయేవరకు అక్కడి ఆస్థానంలోనే గ్రంథాలయాధికారిగా, సలహాదారుగా, చరిత్రకారుడిగా పనిచేశారు. ఆ ఆస్థానపు ఆడపడుచు, ప్రష్యా రాణి అయిన సోఫీ షార్లెట్‌తో దైవం గురించి ఎన్నో చర్చలు చేశారు. దయామయుడైన దేవుడు ఇంత దుఃఖాన్ని ఎందుకు ఉండనిచ్చాడన్నది వాటిలో ముఖ్యమైన ప్రశ్న. ఆ రాణి 1705లో, 36 ఏళ్ళకే కన్నుమూశారు. ఆ చర్చల ఫలంగా 1710లో థియోడిసీ అనే గ్రంథం వెలువడింది. సర్వశక్తి అంటే అసంభవాన్ని కూడా చేయగలగడం కాదనీ, దేవుడు సాధ్యమైన లోకాలన్నిటినీ ఎరిగి, వాటిలో ఉత్తమమైనదాన్నే సృష్టించాడనీ అందులో వాదించారు.

లైబ్నిజ్ 1716 నవంబరు 14న హానోవర్‌లో మరణించారు. ఆయన ప్రభువు అప్పటికే ఇంగ్లండుకు రాజై వెళ్ళిపోయారు. అంత్యక్రియలకు ఆస్థానం నుంచి పెద్దలెవరూ రాలేదు. 1755లో లిస్బన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. ఇదేనా ఉత్తమ లోకమని ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759లో కాండీడ్ అనే నవలలో ఎగతాళి చేశారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి లైబ్నిజ్ తర్కం ఊరట ఇవ్వలేదన్నది నిజమే. కానీ ఆయన ఆ దుఃఖాన్ని దాచిపెట్టకుండా, దానికి జవాబు చెప్పవలసిందేనని ఒప్పుకున్నారని మనం మరవకూడదు.

ఆయన వేసిన ప్రశ్న ఇంకా బతికే ఉంది. తర్కశాస్త్రవేత్త కుర్ట్ గోడెల్ లైబ్నిజ్ బాటలోనే ఒక నిరూపణ రాసి, 1970లో దాన్ని తోటివారికి చూపించారు. 2013లో బెర్లిన్, వియన్నా పరిశోధకులు దానిని కంప్యూటరుతో పరీక్షించారు. గోడెల్ చేతిరాతలో ఉన్న సూత్రాల్లో వైరుధ్యం బయటపడింది. మరొక పండితుడు కొద్దిగా సవరించిన రూపంలో వైరుధ్యం లేదని తేలింది. అయితే సూత్రాలు ఒకదానితో ఒకటి పొసిగినంత మాత్రాన అవి సత్యాలైపోవు. ఆ తర్వాతి మాట యంత్రం చెప్పేది కాదు.

ఈసారి పారాయణ మధ్యలో పిల్లలు ఆ ప్రశ్న అడిగితే కసురుకోకుండా, పక్కన కూర్చోబెట్టుకుని లైబ్నిజ్ చక్రం కథ చెబుదాం. దేవుణ్ణి నమ్మినవాడే ఆ ప్రశ్నను అందరికంటే గట్టిగా అడిగాడని కూడా చెబుదాం.