ఆవా పట్టణములో జడ్సన్ దొరగారు

రెండవ సమూయేలు 10వ అధ్యాయము తీసి చదువుకొనుడి. తండ్రిని పోగొట్టుకొనిన హానూనును ఓదార్చుటకు దావీదు పంపిన దూతలను అమ్మోనీయులు వేగులవారని అనుమానించి, సగము గడ్డము గొరిగించి అవమానపరచిరి. పోయినది మేలు చేయుటకే, దొరికినది సిగ్గు. అమెరికా మిషనెరీయగు అదోనిరాము జడ్సన్ గారికి ఇంతకంటె ఘోరము సంభవించెను.

ఆయన 1788లో జన్మించెను. 1813 జూను నెలలో భార్యయగు ఆన్ దొరసానిగారితో చెన్నపట్టణము చేరినప్పుడు, కంపెనీవారు తమ్మును వెళ్లగొట్టుదురను భయముచేత, దొరికిన ఓడ యెక్కి రంగూనునకు పోయిరి. 1824లో బర్మా రాజధానియగు ఆవాలో కాపురముండగా ఆంగ్లేయులతో యుద్ధము వచ్చెను.

జడ్సన్ గారు ఆంగ్లేయుడు కాడు. అయితే బంగాళమునుండి వచ్చు మిషను సొమ్ము ఒక ఇంగ్లీషు వర్తకుని ద్వారా ఆయనకు అందుచుండెను. ఆ వర్తకుని లెక్కలలో ఆయన పేరు కనబడెను. కొలువువారికి మరి సాక్ష్యమక్కరలేకపోయెను. మేము వారిని పూర్తిగా నిందింపజాలము. శత్రువు రంగూనులో దిగియుండగా, ఈ డబ్బు ఎవరిదని అడుగని రాజు ఎవడు?

జూను 8న భోజనవేళ వచ్చి, త్రాళ్లతో కట్టి ఈడ్చుకొనిపోయిరి. మూడు జతల సంకెళ్లు వేసిరి. రాత్రులు ఖైదీల కాళ్లను వెదురుబొంగుకు తగిలించి పైకెత్తెడివారు. ఆ చెరసాలలో అన్నము పెట్టరు, బయటివారు తెచ్చినదే తినవలెను. దొరసానిగారు గర్భిణియైయుండియు అధికారుల గుమ్మములు తిరిగి బతిమాలుచు భోజనము చేర్చుచుండెను. 1825 జనవరిలో ఆడుబిడ్డ పుట్టగా, ఆ పసికందును చెరసాలకు ఎత్తుకొనిపోయి తండ్రికి చూపెను.

బర్మా క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఆమె మొదట నేలలో పాతిపెట్టి, చెమ్మ తగులునని తీసి, ఎవరును ఆశపడని గట్టి దిండులో కుట్టి భర్తకిచ్చెను. ఖైదీలను వేరొక ఊరికి తోలినప్పుడు కావలివారు ఆ దిండును పారవేసిరి. మౌంగ్ ఇంగ్ అను బర్మా విశ్వాసి దానిని గురుతుగా దాచుకొనెను. లోపలి కాగితములు కొన్ని నెలలకు గాని బయటపడలేదు.

బంధించినవారికే తుదకు ఆయన కావలసివచ్చెను. 1825 చివర సంధి మాటలకు దుబాసిగా విడిపించి తీసికొనిపోయిరి. 1826లో సంధి కుదిరెను. ఆ యేడే ఆంగ్లేయుల రాయబారితో ఆయన మరల ఆవాకు పోయెను. బర్మావారికి మత స్వాతంత్ర్యము ఒడంబడికలో వ్రాయింపవలెనని ఆయన ఆశ. అది నెరవేరలేదు. అక్కడ నుండగానే అక్టోబరు 24న దొరసానిగారు జ్వరముచేత చనిపోయిరి. మరుసటి యేడు బిడ్డయు పోయెను.

ఆయన బర్మాను విడువలేదు. 1834లో బైబిలంతయు బర్మా భాషలోనికి మార్చి ముగించెను.