కోర్టు మెట్లు దిగి మైకు ముందుకి

గూడూరు జంక్షన్‌లో చెన్నై రైలు కోసం కూర్చున్నప్పుడల్లా ఇయర్‌ఫోన్స్‌లో ఏదో ఒకటి వినడం నాకు బీటెక్ తర్వాత ఇంటర్వ్యూలకి తిరిగిన రోజుల్లో పట్టుకున్న అలవాటు. ఓసారి ఆటోప్లేలో దానంతటదే ఒక పాత రేడియో నాటకం మొదలైంది. చిలకమర్తి వారి గణపతి, నండూరి సుబ్బారావు గారి గొంతు. సూళ్లూరుపేట దాటేదాకా ఆపలేకపోయాను. నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కాయన కాస్త జరిగి కూర్చున్నాడు కూడా.

ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి విజయవాడ స్టేషన్ నాటకం ఉందంటే ఆ వేళకి భోజనాలు ముగించి రేడియో చుట్టూ చేరేవాళ్లట. ఆ స్టేషన్‌లో నాటకాలు చూసిన బందా కనకలింగేశ్వరరావు గారి పేరు నాకు మొదట తాతయ్యే చెప్పారు. తర్వాత వెతుక్కుంటూ పోతే ఆయన జీవితమే నాటకం కంటే బాగుంది. మనలాగే చదివింది ఒకటి, చేసింది ఇంకొకటి.

బందా 1907లో కృష్ణా జిల్లా ఆటపాకలో పుట్టారు. లా చదివి ఏలూరులో ప్రాక్టీసు పెట్టారు. ఆ కాలంలో ప్లీడరంటే ఊళ్లో ఎంత గౌరవమో చెప్పక్కర్లేదు. నాటకాలాడేవాళ్లకి చప్పట్లు దండిగా పడేవి కానీ ఇంట్లో ఆ పేరెత్తితే పెద్దల మొహం మాడిపోయేది. అలాంటి రోజుల్లో ఈయన నల్లకోటు ఉంచుకుంటూనే ముఖానికి రంగేసుకున్నారు. ఏలూరులో ప్రభాత్ థియేటర్ పెట్టి నాటకాలు వేశారు. చింతామణిలో బిల్వమంగళుడు, చిత్రనళీయంలో బాహుకుడు ఆయనకి పేరు తెచ్చిన వేషాలు. సినిమాలూ చేశారు. 1942లో జెమినీ వాళ్లు తీసిన బాలనాగమ్మలో కాంచనమాల పక్కన కార్యవర్ధి రాజు ఆయనే.

బాహుకుడి వేషం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. కర్కోటకుడు కాటేశాక నలుడి రూపమంతా మారిపోతుంది. ఎదుటపడినా ఎవరూ గుర్తుపట్టరు. అయినా మాటని బట్టి, పనితనాన్ని బట్టి దమయంతి ఆనవాలు పట్టేస్తుంది. ముఖం పనికిరాని చోట మనిషిని నిలబెట్టే వేషం అది. రేడియోకి ఇంతకంటే మంచి ట్రైనింగ్ ఏముంటుంది?

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్న 1950ల్లో రచయితల్ని, కళాకారుల్ని ప్రొడ్యూసర్లుగా తీసుకునే పద్ధతి వచ్చింది. అలా బందా నాటక ప్రయోక్తగా స్టేషన్‌లోకి వచ్చారు. అప్పటికి ఆయనకి యాభై దగ్గర పడుతోంది. ఇరవై ఏడేళ్లకే ఫీల్డ్ మారాలంటే లేటైపోయిందని నేను దిగులుపడ్డ రోజులున్నాయి, అందుకే ఈ లెక్క నాకు బాగా గుర్తుండిపోయింది.

పైగా ఆయన వచ్చిన చోట పాత నైపుణ్యం సగం పనికిరాదు. పద్యనాటకంలో గొంతు ఆఖరి వరుసదాకా వినపడాలి, రాగం సాగాలి, వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడాలి. మైకు ముందు అదే గొంతు విసుగు పుట్టిస్తుంది. జానెడు దూరంలో నిలబడి చెవిలో చెప్పినట్టు చెప్పాలి. కోపం వచ్చినా అరవకుండా ఊపిరిలోనే చూపించాలి. పాత్ర గదిలోంచి వెళ్లిపోయిందని తెలియాలంటే నటుడు మైకు నుంచి అడుగులో అడుగేస్తూ వెనక్కి జరగాలి. స్క్రిప్టు కాగితం రెపరెపలాడితే వినేవాడి ఊహ అక్కడే తెగిపోతుంది. రేడియో తొలి రోజుల్లో నాటకాలు లైవ్‌గానే వెళ్లేవి. తప్పు దొర్లితే సరిదిద్దుకునే దారి లేదు. కోడింగ్ భాషలో చెప్పాలంటే టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి. 1956లో ఆకాశవాణి జాతీయ నాటక కార్యక్రమం మొదలయ్యాక ఒక భాషలోని నాటకం మిగతా భాషల్లోకి మారి దేశమంతా వినిపించేది.

ఇప్పటికీ ఆ నాటకాలు ఎందుకు వింటామంటే, నా ఉద్దేశంలో కారణం పాత మీద మోజు ఒక్కటే కాదు. సగం పని మనకి వదిలేస్తాయి. ఇల్లు, వాకిలి, గణపతి పిలక అన్నీ మనమే గీసుకుంటాం. అందుకే ఎవరి గణపతి వాళ్లదే.

ఆయనలోని ప్లీడరు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న ప్రశ్న లేచింది. మరుసటి ఏడాది హైదరాబాదులో దానికి జవాబుగా సదస్సు జరిగింది. ఆ రోజుల్లో కూచిపూడి పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్లలో బందా ఒకరు. ఊరికే మాటలతో సరిపెట్టలేదు. కూచిపూడి గ్రామంలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టడానికి పాటుపడ్డారు. చింతా కృష్ణమూర్తి వంటి గురువు అక్కడ పిల్లలకి నేర్పారు. అంత ఆరాటం ఆయన సొంత వేషం కోసం కాదు, సొంత ఉద్యోగం కోసమూ కాదు.

1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, నటనకి. 1968 డిసెంబర్‌లో పోయారు. చూస్తే ఆ నెల మొదటి తారీఖుకే విజయవాడ స్టేషన్‌కి ఇరవై ఏళ్లు నిండాయి.

మొన్న తాతయ్య ఫోన్‌లో ఆ గణపతి మళ్లీ పెట్టాను. స్క్రీన్ వంక చూడలేదు, ఫోన్ బోర్లించి కళ్లు మూసుకున్నారు. మధ్యలో కాల్ వస్తే కట్ చేయమని చేత్తోనే సైగ చేశారు.