తాళ్ళపాక అన్నమాచార్యులు : దినమునకొక పాట

గత సంవత్సరము మన చిత్రలేఖనపు తరగతిలో ఒక చిన్న పందెము జరిగెను. ప్రతిదినమును నల్లబల్లపై ఒక మాట వ్రాయుదురు. దానికి తగిన బొమ్మను పోస్టుకార్డంత కాగితముపై గీసి మరునాటి ఉదయమున చూపవలెను. మొదటినాడు గొడుగు అను మాటకు 40 బొమ్మలు వచ్చినవి. పదునైదవనాడు రోలు అను మాటకు ఆరు మాత్రమే వచ్చినవి. మాట కష్టమైనది కాదు, కాగితము పెద్దది కాదు. అయినను పిల్లలు చేయి దింపివేసిరి. వారిని నేను మందలింపలేదు. ఎవరికిని చెప్పక నేనును గీయ మొదలిడి తొమ్మిదవనాడే మానితిని. అప్పుడు మన కొండమీద పాడిన ఒక కవి చరిత్రమును మరల తీసి చదివితిని. ఆయన ఇట్టి నియమమునే పెట్టుకొని డెబ్బదియెనిమిది సంవత్సరములకు మించి నడిపెను.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 వ సంవత్సరమున, రాజంపేటకు సమీపముననున్న తాళ్ళపాక గ్రామమున, నారాయణసూరి లక్కమాంబ అను దంపతులకు జన్మించెను. ఆయన జీవితమును మనుమడగు చిన్నన్న ద్విపద కావ్యముగా వ్రాసి యుంచెను. మనమెరిగిన కథలలో పెక్కు అందలివే. మనుమడు తాతను గూర్చి వ్రాసినది గనుక అందు అద్భుతములు మెండుగా నుండుట సహజము. చదువువారు వానిని తమ తమ విశ్వాసము ననుసరించి గైకొందురు గాక.

ఇంటిలో పని చెప్పువారు పెక్కుమంది యుండిరట. పశువులకు గడ్డి కోయబోయినప్పుడు కొడవలి తగిలి బాలుని వ్రేలు తెగెను. అంతట అతడు విసిగి, ఆ త్రోవను పాడుచు పోవు యాత్రికుల వెంట తిరుమలకు నడచెను. అప్పటికి ఎనిమిదేండ్లవాడు. కొండ ఎక్కుచు ఆకలిచే సొమ్మసిల్లగా, ఒక ముత్తైదువ అన్నము పెట్టి, చెప్పులు విడిచి ఎక్కుమని చెప్పెనట. ఆమె అలమేలుమంగయే యని నమ్మి, ఆ బాలుడు ఆమెపై ఒక శతకము చెప్పెనని చిన్నన్న వ్రాసెను. ఇంటివారి కేకలకు అలిగి పోయిన పిల్లవాని కథగా చూచినను ఇది నమ్మదగినదే. అట్టి పిల్లలను మనము ప్రతి సంవత్సరమును చూచుచునే యున్నాము.

ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులలో మొదటిదానిపై ముఖ్యమైన కాలనిర్ణయ మున్నది. పదునారేండ్ల ప్రాయమున, క్రోధి సంవత్సరమున, అనగా 1424 లో ఆయన పాడ నారంభించెను. దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి, అనగా 1503 ఫిబ్రవరి, ఆ రచనకు చివరి దినము. ఆయన అవసానదినమును అదియే. దినమునకొక సంకీర్తనకు తక్కువ కాకుండ స్వామికి సమర్పింపవలెనన్నది ఆయన నియమమని ఆ వంశపు సంప్రదాయము. మొత్తము 32,000 సంకీర్తనలని మనుమని లెక్క. మొదట విన్నప్పుడు ఈ సంఖ్య అతిశయోక్తివలె తోచును. గణితము తెలిసిన విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఆ కాలము 28,000 దినములకు మించును. కావున దినమునకొకటి, అప్పుడప్పుడు రెండు అయినచో 32,000 కు చేరుటలో వింత లేదు. మనము ఆలయములో పాడుకొను కీర్తనల గ్రంథమున 150 కీర్తనలున్నవి. ఈ నియమముతో అన్ని పాటలు అయిదు నెలలలో పూర్తియగును. ఆయన అట్టి అయిదు నెలలను నూట ఎనుబదికి మించి గడపెను.

ఇది సాధ్యమగుటకు కారణము పాట యొక్క పరిమాణమే యని నా యభిప్రాయము. ఒక పల్లవి, సాధారణముగా మూడు చరణములు, అంతకు మించదు. మహాకావ్యమును దినమునకొకటి వ్రాయువాడు లేడు గాని, పల్లవియు మూడు చరణములును ఒక ఉదయమున కుదురును. ఇక నేడేమి పాడుదునన్న చింతయు ఆయనకు అంతగా లేకుండెను. ఆ మాటను దినమే వ్రాసి యిచ్చుచుండెను. తెల్లవారిన మేలుకొలుపు, శుక్రవారమైన అభిషేకము, బ్రహ్మోత్సవములందు పూటకొక వాహనము, రాత్రియైన జోల. కొండ దిగి పల్లెలకు వచ్చినచో అక్కడ స్త్రీలు వడ్లు దంచుచు పాడు సువ్వి పాట వినబడును, ఊయలలో బిడ్డకు లాలి వినబడును, పండుగనాడు గొబ్బి, కోలాటము వినబడును. పండితులు కావ్యమునకు తగవని విడిచిన ఆ వరుసలన్నియు ఆయన చేతిలో సంకీర్తనలయ్యెను. నిద్రవంటి నిత్యవిషయము కూడ ఆయనకు చాలును. నిద్రలో ప్రభువునకును బంటునకును భేదము లేదని చూపి, అక్కడినుండి కులభేదమునే నిలదీసిన పాట ఒకటి నేటికిని ఊరూర వినబడుచున్నది.

అన్ని పాటలును సమానమైనవని నేను చెప్పను. ఒకే ఉపమానము మరల మరల వచ్చును. కొన్ని చదువునప్పుడు ఆ దినమున ఆయన అలసియుండెనేమో యని తోచును. దానిని లోపముగా నేనెంచను. మంచి పాట తోచిన దినముననే పాడుదునని కూర్చున్నవాడైనచో, ఆ మంచి పాటలును మనకు దక్కియుండెడివి కావు.

ఈ నియమమునకు పెద్ద పరీక్ష సాళువ నరసింహుని యాస్థానమున వచ్చెను. ఈయన 1485 లో విజయనగర సింహాసనమెక్కినవాడు. అంతకు పూర్వము సామంతుడై యున్న కాలమున అన్నమాచార్యులతో మైత్రి చేసి ఆదరించెను. ఒకనాడు అలమేలుమంగా వేంకటేశులపై చెప్పిన శృంగార సంకీర్తన విని మెచ్చుకొని, తనపైనను అట్టిది ఒకటి చెప్పుమని కోరెను. అన్నమాచార్యులు చెవులు మూసుకొని నిరాకరించెను. రాజు కోపించి సంకెళ్ళు వేయించెను. చెరలో ఆయన పాడగా సంకెళ్ళు ఊడిపడెననియు, రాజు క్షమాపణ వేడెననియు చిన్నన్న చెప్పుచున్నాడు. నాకు సంకెళ్ళు ఊడుటకంటె ఆయన పాడుటయే గొప్పగా తోచును. రాజు ఇచ్చిన మాటకు పాట చెప్పనన్నవాడు, సంకెల ఇచ్చిన మాటకు చెప్పెను.

ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణమును రచించినది. కుమారుడు పెదతిరుమలాచార్యులు, మనుమడు చినతిరుమలాచార్యులు కూడ సంకీర్తనకారులే. తండ్రి తన అంత్యకాలమున ఆ దినక్రమము తప్పక నడపుమని పెదతిరుమలాచార్యుని కోరెననియు, అతడట్లే చేసెననియు చెప్పుదురు. తాటియాకులు చెదలపాలగునని తలచి పాటలను రాగిరేకులపై చెక్కించినవాడు ఈ కుమారుడే. తిరుమల ఆలయమున హుండీ సమీపమున సంకీర్తన భాండాగారమను చిన్న గది కలదు. రేకులను అందుంచిరి. గది ద్వారమునకు ఇరుప్రక్కల తండ్రికొడుకుల శిలారూపములు నేటికిని కలవు.

తరువాత వానిని చాలవరకు లోకము మరచెను. 1816 లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన క్యాంబెల్ దొర, కొండమీద రాగిరేకులపై పూర్వ వ్యాకరణమున్నదని విని నకలు తెప్పించి చూడగా, అవి పాటలని తేలెను. వ్యాకరణము కాదని ఆయన అంతటితో విడిచెను. 1922 ప్రాంతమున శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ నిధిని వెలికి తెచ్చిరి. రేకులు 2,000 కు పైబడి యుండెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చిన్నన్న గ్రంథమును విపులమైన పీఠికతో పరిష్కరించిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పాటలకు స్వరములు కూర్చిరి.

అన్నమాచార్యుల పాటలలో నేడు దొరకునవి సుమారు 12,000. అనగా రెండు మూడు దినములకొక పాట చొప్పున మిగిలినది. ఏ పాట ఏ దినమునదో రేకులపై లేదు. రాగము పేరు మాత్రము ప్రతి పాటకును పైన చెక్కి యున్నది.