హజ్రత్ రుఫైదా (రజి): మస్జిద్‌లో వెలసిన సేవా గుడారం

ఆస్పత్రి అనగానే మనకు డాక్టరు గుర్తొస్తారు. కాని రాత్రంతా రోగి పక్కన మేలుకొని ఉండేది నర్సు. ఇస్లాం చరిత్రలో ఈ సేవ చేసిన స్త్రీలను తలచుకున్నప్పుడు ముందుగా వినిపించే పేరు హజ్రత్ రుఫైదా (రజి). ఆమె అస్లమ్ తెగకు చెందిన మహిళ. గాయపడిన వారికి చికిత్స చేయడం ఆమెకు తెలిసిన విద్య. ఆ విద్యను ఆమె అల్లాహ్ ప్రసన్నత కోసం వినియోగించారు. ఈ నెల మనం ఆమె జీవితాన్నీ, ఆ రోజుల్లో ఇదే సేవలో పాలుపంచుకున్న మరికొందరు సహాబీ స్త్రీల జీవితాలనూ కలిపి చూద్దాం.

అది హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627). మక్కా ఖురైషులు, వారి మిత్ర తెగలు పెద్ద సైన్యంతో వచ్చి మదీనాను ముట్టడించారు. ముస్లిములు కందకం తవ్వుకొని నగరాన్ని కాపాడుకున్నారు. ఆ ముట్టడిలో ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి శత్రువు బాణం తగిలి ప్రధాన రక్తనాళం తెగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ను రుఫైదా (రజి) గుడారంలో ఉంచమని ఆదేశించారు. ఆ గుడారం ఊరి చివర ఎక్కడో లేదు, సాక్షాత్తూ మస్జిదె నబవీలోనే ఉంది. నమాజ్ జరిగే చోటే గాయాలకు కట్లు కట్టే పని కూడా జరిగేది. రోగుల సేవకు ఇస్లాం ఇచ్చిన స్థానమేమిటో గ్రహించడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. రుఫైదా (రజి) ముఖ్యంగా సేవ చేసింది నా అన్నవారు లేని ముస్లిములకని చరిత్రకారులు రాశారు. సఅద్ (రజి) అలాంటివారు కారు. ఆయనకు తల్లి ఉన్నారు, ఇల్లు ఉంది, వెనుక ఒక తెగ మొత్తం ఉంది. అయినా ఆ మహానాయకుణ్ణి దిక్కులేనివారి కోసం వెలసిన గుడారంలోనే పడుకోబెట్టారు. దగ్గరుండి పరామర్శించాలన్నది దైవప్రవక్త (స) కోరిక. ఆయన ఉదయం, సాయంత్రం అటుగా వెళ్తూ ఎలా ఉన్నారని సఅద్ (రజి)ను అడిగేవారు. తెగనాయకుడికి ఒక గుడారం, అనాథకు మరో గుడారం అనే తేడా అక్కడ లేదు.

కొన్నాళ్లకు సఅద్ (రజి) గాయం మళ్లీ తెరుచుకొని ఆయన ప్రాణాలు విడిచారు. ప్రాణం నిలబడలేదని రుఫైదా (రజి) సేవ వృథా అయినట్లా? కానే కాదు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. బాధలో ఉన్న మనిషిని ఒంటరిగా వదలకపోవడమే మన చేతిలో ఉన్నది. అందుకే ఈ సంఘటనలో సఅద్ (రజి) పేరుతో పాటు ఆయనకు ఆశ్రయమిచ్చిన ఆ గుడారం పేరూ నిలిచిపోయింది.

ఆ కాలంలో ఈ సేవ ఒక్కరితో జరిగింది కాదు. చేసినవారందరి అనుభవం కూడా ఒకే రకమైనది కాదు. హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625) ఉహుద్ యుద్ధంలో హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) తోలు సంచులతో నీళ్లు మోసి గాయపడినవారికి తాగించారు. అదే రోజు దైవప్రవక్త (స) ముఖానికి తగిలిన గాయాన్ని హజ్రత్ ఫాతిమా (రజి) కడిగారు. నీళ్లు పోసేకొద్దీ రక్తం ఎక్కువవడం చూసి ఆమె ఒక చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దగా రక్తం ఆగింది. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) యుద్ధాలలో నీళ్లందించారు, క్షతగాత్రులకు చికిత్స చేశారు, మరణించినవారిని మదీనాకు చేర్చారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) దైవప్రవక్త (స) వెంట ఏడు యుద్ధ ప్రయాణాలు చేసి వంట చేశారు, గాయాలకు మందు వేశారు, రోగులను కనిపెట్టుకొని ఉన్నారు.

ఒకరికి మందు తెలుసు. ఒకరికి నీళ్లు మోసే ఓపిక ఉంది. ఒకరికి వంట, మరొకరికి ఇంటి చిట్కా తెలుసు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా గాయపడినవాడు ఇబ్బంది పడేవాడే.

మరి అనుభవమే లేనివారి సంగతి? హిజ్రీ 7వ సంవత్సరం (క్రీ.శ. 628) ఖైబర్ ప్రయాణంలో గిఫార్ తెగ స్త్రీలు గాయపడినవారికి సేవ చేస్తామని అనుమతి కోరి వెళ్లారు. వారిలో ఒక చిన్న వయస్సు అమ్మాయి ఉంది. దైవప్రవక్త (స) ఆమెను తన వాహనం మీద వెనుక కూర్చోబెట్టుకున్నారు. దారిలో ఆమెకు మొదటిసారి నెలసరి వచ్చి జీను మీద మరక పడింది. ఆమె సిగ్గుతో ముడుచుకుపోయింది. దైవప్రవక్త (స) అది గ్రహించి మెల్లగా అడిగి, నీళ్లలో ఉప్పు కలిపి కడుక్కొని తిరిగి వచ్చి కూర్చోమని చెప్పారు. అంతే. మందలింపు లేదు, నలుగురిలో చిన్నబుచ్చడం లేదు. ఖైబర్ విజయం తర్వాత ఆమె మెడలో స్వయంగా ఒక హారం వేశారు. ఆమె బతికినంత కాలం దాన్ని తీయలేదు, తనతో పాటే ఖననం చేయమని కోరింది. కొత్తగా సేవలో అడుగుపెట్టిన ఒక పిల్లకు దక్కిన మర్యాద ఆమెకు జీవితాంతం తోడుగా నిలిచింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో మదీనా స్త్రీలకు వస్త్రాలు పంచుతుండగా ఒక మంచి వస్త్రం మిగిలింది. దాన్ని ఆయన భార్య, దైవప్రవక్త (స) మనవరాలు అయిన ఉమ్మె కుల్సూమ్ (రజి)కు ఇవ్వమని కొందరు సూచించారు. ఆయన మాత్రం అన్సార్ మహిళ ఉమ్మె సలీత్ (రజి)కే దాని మీద ఎక్కువ హక్కు ఉందన్నారు. ఉహుద్ రోజున ఆమె నీటి సంచులు మోసిన సంగతి గుర్తుచేశారు. ఏళ్లు గడిచినా నీళ్లు మోసిన చేతుల్ని ఆయన మరచిపోలేదు.

సోదరీమణులారా! ఇప్పుడు మన ఆస్పత్రుల వార్డుల వైపు చూద్దాం. బి.యస్సీ. నర్సింగ్ చదివి వచ్చినవారు, జి.ఎన్.ఎం. చేసి పాతికేళ్లుగా పనిచేస్తున్న సిస్టర్లు, ఏ.ఎన్.ఎంలు, ఆయమ్మలు అంతా ఒకే రోగి చుట్టూ తిరుగుతారు. చదువుకున్నవారు పాతవారిని ఏమీ తెలియదని చులకన చేయడం, పాతవారు కొత్తపిల్లను అందరి ముందు కసరడం మనకు తెలియనిది కాదు. దాని నష్టం ఆ ఇద్దరితో ఆగదు. మందు మోతాదు అడిగినందుకు ఒకసారి అవమానపడిన అమ్మాయి, రెండోసారి అడగకుండా ఊహించి వేస్తుంది. రోగి ముఖంలో మార్పును ముందుగా గమనించిన ఆయమ్మ, తన మాట ఎవరు వింటారులే అని నోరు మూసుకుంటుంది. మనుషుల ప్రాణం పోయేది అక్కడే.

కాబట్టి మనలో అనుభవం ఉన్నవారు దాన్ని అమానతుగా భావించి మెత్తగా నేర్పాలి. చదువు ఉన్నవారు సిగ్గుపడకుండా అడిగి తెలుసుకోవాలి. తోటి నర్సు తప్పు చేస్తే రోగికి హాని జరగకుండా వెంటనే సరిదిద్దాలి, మందలింపు మాత్రం ఏకాంతంలో ఉండాలి. రోగి పట్ల కరుణ చూపుతూ పక్కన పనిచేసే సోదరి మనసు నొప్పించడం ఎలాంటి సేవ? అక్కడ ఉన్న ఆయమ్మ మన కాలపు ఉమ్మె సలీత్ కావచ్చు.

ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్ నర్సింగ్ కళాశాలకు రుఫైదా (రజి) పేరు పెట్టారు. గోడల మీద ఆ పేరు ఉండటం సంతోషమే. ఆమె గుడారంలోని గుణం మన వార్డుల్లో కనిపిస్తే అది అంతకంటే గొప్ప జ్ఞాపకం. రోగుల సేవలో ఉన్న ప్రతి సోదరికీ అల్లాహ్ ఓర్పును, మెత్తని మాటను, ఒకరినొకరు గౌరవించుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.