ముద్ర పడిన మార్షల్: పెంగ్ దెహువై

చైనాలోని హునాన్ రాష్ట్రంలో 1898లో పేద రైతు ఇంట పుట్టిన పెంగ్ దెహువై చిన్నతనంలో బిచ్చమెత్తారు. సైనికుడిగా మొదలై 1954లో దేశ రక్షణ మంత్రి అయ్యారు.

గ్రేట్ లీప్ కాలంలో పంట లెక్కలు అబద్ధమని, పల్లెల్లో జనం పస్తులున్నారని గ్రహించి 1959 జులైలో లూషాన్ సమావేశాలప్పుడు మావోకు ఉత్తరం రాశారు. లెక్కలకు జవాబు రాలేదు. మితవాద అవకాశవాది అనే ముద్ర పడింది, పదవి పోయింది. ఆయనను సమర్థించినవారికీ అదే ముద్ర. నోరు విప్పేవారు తగ్గిపోయారు. ఆ కరువులో కోటి మందికి పైగా చనిపోయారు.

సాంస్కృతిక విప్లవంలో దెబ్బలు తిన్న ఆయన 1974లో నిర్బంధంలోనే కన్నుమూశారు. 1978లో పార్టీ ఆ ముద్రను తొలగించింది.

మిత్రులారా, అడిగినవారికి ముద్ర వేస్తే ప్రశ్న పోదు, ఆకలీ పోదు.