న్యాయమూర్తి శ్రీ కోకా సుబ్బారావుగారు

సెషన్సు న్యాయస్థానమున తీర్పు వెలువడినతోడనే వ్యాజ్యము ముగిసినదని మనలో ననేకులు తలంతురు. కాని న్యాయాధిపతియు మనుష్యుఁడే. పొరపడుట యసంభవము కాదు. ఆ పొరపాటువలన నిరపరాధి చెఱసాల పాలగును, లేదా హంతకుఁడు నిర్భయుఁడై గ్రామమునకు మరలివచ్చును. అప్పీలు పుట్టినది యిందుకొఱకే. దాని ధర్మమును తేటపఱచిన తెలుఁగు న్యాయమూర్తి శ్రీ కోకా సుబ్బారావుగారు.

వీరు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. మద్రాసున న్యాయశాస్త్ర మభ్యసించిరి. కొంతకాలము బాపట్లలో జిల్లా మునసబుగా నుండి, పిమ్మట మద్రాసున న్యాయవాదిగా ప్రసిద్ధి గాంచిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తులైరి. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు వీరే ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హైదరాబాదున నేర్పడఁగా, మన మెదకు సీమ యప్పీళ్లు సైతము వీరి యధ్యక్షతగల న్యాయస్థానమునకే చేరినవి. 1958లో సుప్రీంకోర్టున ప్రవేశించిరి.

విడుదల తీర్పును త్రోసివేయుటకు బలవత్తరములగు కారణము లుండవలెనను మాట పూర్వపు తీర్పులలో కలదు. దానిని కొందఱు హైకోర్టు చేతులకు సంకెలగా నెంచిరి. సన్వత్ సింగు వ్యాజ్యమున సుబ్బారావుగారు ఈ సంశయమును తీర్చిరి. అప్పీలు విను న్యాయస్థానమునకు సాక్ష్యమునంతటిని తిరిగి పరిశీలించు పూర్ణాధికారము కలదనియు, 1934 నాఁటి ప్రీవీ కౌన్సిలు సూత్రములే మార్గదర్శకములనియు నిర్ణయించిరి. అధికార మున్నదని యథేచ్ఛగా వర్తింపరాదు. సాక్షులను కన్నులార చూచిన విచారణాధికారి యభిప్రాయమును గౌరవింపవలెను. విడుదలచే బలపడిన నిర్దోషిత్వ భావనను మఱవరాదు. సంశయలాభమును ముద్దాయికే యీయవలెను. తీర్పు మార్చినచో కారణములను వివరింపవలెను.

1961లో నానావతి హత్యాభియోగమునను వీరే తీర్పు వ్రాసిరి. జ్యూరీలో ఎనమండుగురు నిర్దోషియనిరి, ఒక్కరు కాదనిరి. సెషన్సు జడ్జి యా నిర్ణయమున కొడఁబడక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు సాక్ష్యమును పరిశీలించి విధించిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు స్థిరపఱచెను. లోకుల జాలిగాని కోపముగాని సాక్ష్యమునకు సాటి కానేరవు గదా!

1966లో సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తులైరి. 1967 ఏప్రిలులో రాజీనామా యొసఁగి రాష్ట్రపతి పదవికి పోటీచేసి, డాక్టరు జాకీర్ హుస్సేనుగారిచే నోడిపోయిరి. 1976 మే 6వ తేదీన దివంగతులైరి.

సోదరులారా, మన పల్లెలలో శిక్షపడిన బీదవాఁడు వకీలుకు రుసుము చెల్లింపలేక యప్పీలును విడచుట యెంత శోచనీయము! తన సాక్ష్యము మఱియొకమాఱు తూఁచఁబడుట యతని హక్కు. సర్కారు ఖర్చుతో వకీలును పొందు వీలు నేఁడు కలదని యట్టివానికి తెలుపుటయు, న్యాయవిద్య నభ్యసించు మన యువకులకు తోడ్పడుటయు, సంఘ పోషకులకు తగిన పుణ్యకార్యములు.